రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ ఆడదా, మగదా? మీసాలు చూసి చెప్పవచ్చా?

రాణి_నాన్న
మా రాణికి అయిదో ఏడు నడుస్తోంది. కొన్న రోజున నా బొటనవేలంత ఉండేది. 'తొట్టె ఎంతుంటే అంతే పెరుగుతుందండీ, భయం లేదు' అన్నాడు దుకాణదారు. నిన్న టేపు పెట్టి కొలిస్తే ముక్కు నుంచి తోక చివరి దాకా 29 అంగుళాలు. తొట్టె పొడవు ఆరడుగులు, వెడల్పు రెండు, ఎత్తు రెండు. ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి వెనక్కి తిరగాలంటే ఒళ్లు విల్లులా వంచుకోవాల్సి వస్తోంది.

పేరు మా పాప పెట్టింది. ఆడదని దుకాణంలో చెప్పారు. మొన్న ఇంటికి వచ్చిన మిత్రుడు మీసాలు చూసి 'ఇది రాణి కాదు, రాజు' అన్నాడు. పైదవడ మీసాలు రెండూ రొమ్ము రెక్కలు దాటి వస్తాయి. పొట్ట మాత్రం బాగా నిండుగా ఉంది. ఎవరైనా కచ్చితంగా చెప్పగలరా? కాస్త త్వరగా తెలియాలి.

నీలితొట్టె
ఇందులో సందేహం ఏముంది? మగది. ఇరవై రెండేళ్లుగా చేపలు పెంచుతున్నాను. సన్నగా పొడుగ్గా ఉంటే మగవాటి మీసాలు, పొట్టిగా మొద్దుగా ఉంటే ఆడవాటివి. ఒక్కసారి కూడా నా అంచనా తప్పలేదు.

కైకలూరు_గట్టు
తప్పలేదని మీకెలా తెలిసింది? కోసి చూశారా?

సికింద్రాబాద్_గప్పీ
కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

నీలితొట్టె
కోయాల్సిన పని లేదు. తురాయి చూసి పుంజు అంటాం, జూలు చూసి మగ సింహం అంటాం. అలంకారం మగవాటికే ఉంటుంది. అంత దూరం ఎందుకు, బ్రిసిల్‌నోస్ ప్లెకోను చూడండి. మగదాని ముక్కు మీద పొదలా మొలుస్తాయి, ఆడదానికి దాదాపు ఉండవు. అదీ క్యాట్‌ఫిషే కదా.

పద్మజ_జంతుశాస్త్రం
ప్లెకో ముక్కు మీద మొలిచేవి మీసాలు కావండీ. అవి వేరే కండ పోగులు. ఆ జాతిలో తేడా ఉంది కాబట్టి అన్ని జాతుల్లోనూ ఉంటుందనుకోవడం సరికాదు.

కైకలూరు_గట్టు
నేను ఎనిమిదేళ్లు హేచరీలో పనిచేసి, ఆ తర్వాత సొంతంగా చెరువు వేసుకున్నాను. ఫంగస్ తల్లి చేపలను ఎంచడం నా పని. (మీరు దుకాణంలో ఇరిడిసెంట్ షార్క్ అని కొనే పిల్ల పెద్దయితే మా ఫంగసే, పంగాసియస్.) వానలు పడే ముందు ఒక్కొక్కదాన్నీ తడి గోనె మీద వెల్లకిలా పెట్టి చూసేవాళ్లం. ఆడదైతే పొట్ట మెత్తగా, దూదిలా చేతికి తగులుతుంది. మలద్వారం వెనక ఉబ్బి ఎర్రబడి ఉంటుంది. మగదైతే పొట్ట మీద మెల్లగా తోకవైపు నిమిరితే పాలలాంటిది చుక్కగా వస్తుంది. ఇది కూడా ఈడుకు వచ్చిన చేపల్లో, కాలంలోనే. మగవి రెండేళ్లకు, ఆడవి మూడేళ్లకు అటూ ఇటూ ఈడుకు వస్తాయి. చలికాలంలో అదే చేపను తెచ్చి అడిగితే నేనూ చెప్పలేను. సన్నని గొట్టం లోపలికి పెట్టి గుడ్లు లాగి చూడాల్సిందే.

మన మార్పు చేప (అదీ క్యాట్‌ఫిషే) అయితే చిన్నపిల్లాడు కూడా చెప్పేస్తాడు. మగదానికి మలద్వారం వెనక సూదిలా మొన ఉంటుంది, ఆడదానికి గుండ్రంగా ఉంటుంది. రెడ్‌టెయిల్‌కు అలా బయటికి కనిపించే గుర్తు ఏదీ లేదు. ఆడది పెరిగాక కాస్త బొద్దుగా ఉంటుందంటారు. తిండి ఎక్కువైనా బొద్దుగానే ఉంటుంది.

ఇక మీసాల మాట. గరుకు రాళ్లున్న తొట్టెలో అవి అరిగిపోతాయి. నీళ్లు పాడైతే చివర్లు కుళ్లి పొట్టివైపోతాయి. అంటే మగది ఆడదైపోయినట్టా?

నీలితొట్టె
అరిగినవి లెక్కలోకి రావు. నేను చెప్పింది ఆరోగ్యంగా ఉన్న మీసాల గురించి.

మీ హేచరీ వాళ్ల విద్య కూడా చూశాను. 2016లో ఒకచోట టైగర్ షవల్‌నోజ్ (అదీ పెద్ద క్యాట్‌ఫిషే) జత కొన్నాను. 'మా మనిషి చేత్తో పట్టి చూశాడు, ఒకటి ఆడ, ఒకటి మగ' అని చీటీ రాసి మరీ ఇచ్చారు. నాలుగేళ్లు మేపాను. ఒక్క గుడ్డు లేదు. వాటి తిండికి పెట్టిన డబ్బుతో స్కూటర్ వచ్చేది. ఆ రోజు నుంచి చేత్తో పట్టి చెప్పేవారి మాట నమ్మడం మానేశాను. మీసాలనే నమ్ముతాను.

కైకలూరు_గట్టు
వరద వస్తే నదికి ఎదురీది వందల కిలోమీటర్లు పోయి గుడ్లు పెట్టే చేప అది. మీ హాలులో సోఫా పక్కన ఎందుకు పెడుతుందండీ? జత సరైనదే అయినా పెట్టదు. ఫంగస్ కూడా చెరువులో తనంతట తాను పెట్టదు, ఇంజక్షన్ ఇవ్వాలి. గుడ్డు రాలేదంటే చీటీ తప్పని కాదు, ఒప్పనీ కాదు.

నీలితొట్టె
అంటే మీసాలు తప్పని కూడా రుజువు కాలేదుగా.

కైకలూరు_గట్టు
దండం.

పద్మజ_జంతుశాస్త్రం
రాణి_నాన్న గారూ, పొట్ట నిండుగా ఉందన్నారు. ఏం పెడుతున్నారు, ఎన్నిసార్లు?

రాణి_నాన్న
రోజూ రాత్రి పావు కిలో కోడి కార్జం. ఆదివారం రెండు మూడు గోల్డ్‌ఫిష్‌లు వేస్తాను. పాప చూడకుండా.

పద్మజ_జంతుశాస్త్రం
అయితే అది గుడ్ల పొట్ట కాదు, కొవ్వు పొట్ట అయ్యే అవకాశమే ఎక్కువ. కార్జం ఇవాళే మానేయండి. ఆ వయసు చేపకు వారానికి రెండుసార్లు పెడితే చాలు. పొలుసు, ముల్లు తీసిన చేప ముక్కలు, వానపాములు, మునిగే గుళికలు పెట్టండి. గోల్డ్‌ఫిష్‌లో బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది. ఎప్పుడూ అదే పెడితే చేపకు విటమిన్ లోపం వస్తుంది. రోగాలు వెంట తెచ్చే ప్రమాదం వేరే.

అడుగున గులకరాళ్లు ఉంటే తీసేయండి. రెడ్‌టెయిల్ నోట్లో పట్టినదల్లా మింగుతుంది. పొలుసులు లేని చేప కాబట్టి మందులు కూడా మిగతా చేపలకు వేసిన మోతాదులో వేయకూడదు. నీళ్లు ఎన్నాళ్లకు మారుస్తారు?

రాణి_నాన్న
నెలకోసారి సగం.

కైకలూరు_గట్టు
రోజూ పావు కిలో మాంసం, నెలకోసారి నీళ్లు! మీసాలు ఇంకా మిగిలి ఉన్నందుకు సంతోషించండి. వారానికోసారి మూడో వంతు మార్చండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేలా చేసి పోయండి.

సరే గానీ, అయిదేళ్లు లేని తొందర ఇప్పుడెందుకు వచ్చింది? ఆడదైతే ఏమిటి, మగదైతే ఏమిటి?

రాణి_నాన్న
ఊరికే. తెలుసుకుందామని.

నీలితొట్టె
తెలుసుకోవాలనుకోవడం తప్పా? ఈ వేదిక ఉన్నది అందుకే.

డాలస్_తెలుగు
ఇక్కడ ఇలాంటి ప్రశ్న వచ్చిందంటే చేపను వదిలించుకోవాలని అర్థం. పెద్ద అక్వేరియాలకు ఫోను చేసి 'తీసుకుంటారా' అని అడిగేవారికి లెక్కే లేదు. చాలాచోట్ల వద్దంటారు.

రాణి_నాన్న
డాలస్ గారు పట్టేశారు. చెప్పేస్తాను. నెలాఖరుకు విశాఖ బదిలీ. అక్కడ దొరికింది రెండో అంతస్తు ఇల్లు. తొట్టెలో నీళ్లే దాదాపు 680 లీటర్లు, అద్దంతో, స్టాండుతో కలిపి ఎంతవుతుందో ఊహించండి. ఇంటి యజమాని వినగానే తల అడ్డంగా ఊపాడు. బెంగళూరులో ఒకాయన దగ్గర పెద్ద సిమెంటు తొట్టె ఉందట. 'నా దగ్గర మగది ఉంది, మీది ఆడదైతేనే తీసుకుంటాను' అన్నాడు. అందుకే అడిగాను.

నీలితొట్టె
ఇంతదానికి ఇంత మథనం ఎందుకు? ఊరి బయట పెద్ద చెరువు చూసి వదిలేయండి. 2012లో విజయవాడలో ఇల్లు మారినప్పుడు నా సక్కర్ చేపలు (అద్దానికి అంటుకుని పాచి తినేవి) నాలుగింటినీ ఏలూరు కాలువలో వదిలాను. అద్దాల పెట్టెలో కన్నా హాయిగా బతికి ఉంటాయి.

కైకలూరు_గట్టు
హాయిగానే బతికాయండీ. మా చెరువుల్లో బతికాయి.

దాన్ని మా దగ్గర దెయ్యం చేప అంటారు, తెలుసా? ఒళ్లంతా పెంకు. వలలో పడితే రెక్కల ముళ్లు దారాలకు చిక్కుకుని ఊడవు, వలను కోయాల్సిందే. పోయిన సంక్రాంతికి ముందు పట్టుబడిలో నా వల మూడుచోట్ల కోశాం. గట్టుకు బొరియలు పెడుతుంది, అందులో గుడ్లు పెట్టుకుంటుంది, గట్టు జారుతుంది. కొనేవాడు లేడు, తినేవాడు లేడు. కుప్పగా పోసి పూడ్చిపెడతాం. ఇన్నాళ్లూ ఇది ఎవడు వదిలాడురా అని తిట్టుకునేవాళ్లం. ఇవాళ మనిషి దొరికాడు.

నీలితొట్టె
నాలుగు చేపలతో జిల్లా అంతా నిండిపోయిందా? నోరు అదుపులో పెట్టుకోండి. మీరు పెంచే ఫంగస్ ఏ దేశానిది? మెకాంగ్ నదిది. వరదకు మీ చెరువు గట్టు తెగితే అవి కొల్లేటిలోకి పోవా? 2000లోనే నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను దొంగచాటుగా పెంచుతూ పట్టుబడేది అక్వేరియం వాళ్లా, చెరువుల వాళ్లా? కిలో లెక్కన అమ్ముకునేవారికి చేప మీద ప్రేమ గురించి మాట్లాడే హక్కు లేదు.

కైకలూరు_గట్టు
నేను ప్రేమ గురించి మాట్లాడలేదు. గట్టు తెగితే ఫంగస్ పోతుంది, నిజమే. అది నాకు నష్టం, ఏటికి కూడా నష్టం. కాదనను. కానీ నేను చేతులారా తీసుకెళ్లి వదలను. పెంచలేకపోతే చంపండి. ఐసు నీళ్లలో వేసి కాదు, తల మీద ఒక్క దెబ్బ, వెంటనే పోవాలి. వినడానికి కటువుగా ఉంటుంది. కాలువలో వదలడం కన్నా అది మేలు.

రాణి_నాన్న
పాప బడి నుంచి రాగానే సంచి కూడా దించకుండా తొట్టె దగ్గరికి వెళుతుంది. అది అద్దం దాకా వచ్చి నోరు తెరుస్తుంది. దయచేసి ఆ మాట వద్దు.

సికింద్రాబాద్_గప్పీ
నేను కుర్చీ వెనక్కి పెట్టేశాను.

నీలితొట్టె
చంపండి అని రాయడం తేలిక. నేను కూడా కర్ర పట్టుకుని తొట్టె ముందు నిలబడ్డాను. అందులో పెద్దది పదకొండేళ్లు నాతో ఉంది. చేయి లేవలేదు. తీసుకుంటారా అని దుకాణాలన్నీ తిరిగాను, ఎవరూ తీసుకోలేదు. కింద లారీలోకి సామాను ఎక్కుతోంది. అప్పుడు బకెట్ పట్టుకుని కాలువకు వెళ్లాను. అంతే జరిగింది.

పద్మజ_జంతుశాస్త్రం
వేలెడంత పిల్లను అమ్మేటప్పుడు ఇది నాలుగడుగుల దాకా పెరుగుతుందని దుకాణంలో ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇక్కడ ఎవరూ ఎవరినీ తిట్టుకోనక్కర్లేదు.

రాణి_నాన్న
ఆడో మగో చెప్పలేమని బెంగళూరు ఆయనకు ఉన్నదున్నట్టు రాశాను. 'అయితే మీసాల ఫొటో పంపండి' అని జవాబు వచ్చింది.

కైకలూరు_గట్టు
పంపకండి. పాత హేచరీ తొట్టె ఒకటి నా దగ్గర ఖాళీగా ఉంది. సిమెంటుది, గుండ్రం, అడ్డంగా ఇరవై అడుగులు. పైన వల కట్టి ఉంటుంది, నీళ్లు బయటికి పోయే గొట్టానికి జాలీ ఉంది. కాలువతో సంబంధం లేదు. కోయను, అమ్మను. పాప సెలవుల్లో వచ్చి చూసుకోవచ్చు.

తెచ్చేటప్పుడు జాగ్రత్త. బయల్దేరే ముందు నాలుగు రోజులు తిండి పెట్టకండి, దారిలో నీళ్లు పాడవుతాయి. వలతో పట్టకండి, రొమ్ము రెక్క ముల్లు చిక్కుకుంటుంది. తడిపిన మందపాటి గుడ్డలో ఇద్దరు పట్టి ఎత్తాలి. గుండ్రటి డ్రమ్ము పనికిరాదు, 29 అంగుళాల చేప మడిచినట్టు అవుతుంది. చేపల వ్యాపారులు వాడే ఐసు పెట్టె, నాలుగడుగులది, మూత ఉన్నది తీసుకోండి. సగం వరకు తొట్టె నీళ్లే పోయండి. రాత్రి ప్రయాణం చేయండి. బ్యాటరీ ఎయిరేటర్ ఆగకూడదు.

రాణి_నాన్న
ఐసు పెట్టె రేపు చూస్తాను. పాపకు మాత్రం దాన్ని ప్రయాణం పెట్టె అని చెప్పాను. ఎయిరేటర్ దొరకాలి.

నీలితొట్టె
నా దగ్గర రెండు ఉన్నాయి. ఆరేసి గంటలు నడుస్తాయి. మీది కూకట్‌పల్లి అయితే నేనే తెచ్చి ఇస్తాను. ఎలాగూ వస్తాను కాబట్టి ఒకసారి మీసాలు కూడా కొలుస్తాను.

కైకలూరు_గట్టు
ఎయిరేటర్లు రెండూ తీసుకోండి. టేపు బయటే పెట్టి రమ్మనండి.