ప్రైవేట్ కోడ్‌కు రివ్యూ తప్పనిసరి చేయాలంటే ఏ సాధనం ఎంచుకోవాలి?

ప్రశ్న: నమస్కారం. మేము తొమ్మిది మందిమి కలిసి ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాము. కోడ్ గిట్‌హబ్ ఉచిత ఖాతాలో ప్రైవేట్ రిపోజిటరీగా ఉంది. పోయిన నెల మాలో ఒకరు పొరపాటున మెయిన్ బ్రాంచ్‌కి (అందరి పని చివరకు చేరే ప్రధాన శాఖకి) ఫోర్స్ పుష్ చేయడంతో, అంటే అక్కడున్న చరిత్రను తన ప్రతితో బలవంతంగా మార్చేయడంతో, రెండు రోజుల పని మాయమైంది. మరొకరి లాప్‌టాప్‌లో పాత కమిట్లు (నమోదైన మార్పులు) మిగిలి ఉండబట్టి గట్టెక్కాము. ఇకపై రివ్యూ కానిదేదీ మెయిన్‌లోకి చేరకూడదు. 4 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్ ఒకటి మా దగ్గర ఉంది. దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం: ఏ సాధనంలో ఎన్ని సౌకర్యాలున్నాయని కాకుండా, మీ నియమాన్ని ఏది, ఎంత ఖర్చుతో అమలు చేస్తుందని చూడండి. గిట్‌హబ్ ఉచిత ఖాతాలో బ్రాంచ్ రక్షణ (బ్రాంచ్‌లోకి ఏది, ఎలా చేరాలో నిర్ణయించే నియమాలు) పబ్లిక్ రిపోజిటరీలకే వర్తిస్తుంది; ప్రైవేట్ కోడ్‌కు కావాలంటే డబ్బు కట్టాలి. నెలనెలా కట్టగలిగితే అక్కడే ఉండండి, అందరికీ అలవాటైన చోటు కదా. గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌ను సొంత సర్వర్‌లో ఉచితంగా నడిపితే మెయిన్‌లోకి నేరుగా పుష్ చేయకుండా ఆపవచ్చు కానీ, ఆమోదాన్ని తప్పనిసరి చేయడం మాత్రం డబ్బు కట్టే ప్రీమియంలోనే సాధ్యం. పైగా దానికి 4 జీబీ చాలా ఇరుకు.

గెరిట్ అనే కోడ్ రివ్యూ సాధనం పద్ధతే వేరు. అక్కడ మెయిన్‌కి కాక, రివ్యూ కోసమే ఉన్న రెఫ్స్/ఫర్/మెయిన్ అనే చిరునామాకి పుష్ చేస్తారు. ప్రతి కమిట్ విడిగా రివ్యూకి వెళుతుంది, రివ్యూ చేసినవారి ప్లస్ టూ ఓటు పడితేనే లోపలికి చేరుతుంది, సవరించి మళ్లీ పంపితే రెండు ప్యాచ్ సెట్ల (ఒకే మార్పు యొక్క పాత, కొత్త రూపాల) మధ్య ఏం మారిందో వరుస వరుసగా కనిపిస్తుంది. రివ్యూ నాణ్యతలో నాకు దీనికి మించినది కనిపించలేదు. అయితే కమిట్‌ను అమెండ్ చేసే (కొత్తది చేర్చకుండా ఉన్నదాన్నే సవరించే) అలవాటు లేని జట్టుకు మొదటి కొన్ని వారాలు కష్టంగానే గడుస్తాయి.

మీ పరిస్థితికి నేను గిటీని సూచిస్తాను; అది గిట్‌హబ్‌లాగే పనిచేసే, సొంత సర్వర్‌లో నడుపుకునే ఉచిత సాధనం. ఒకే బైనరీ, మీ సర్వర్‌లో తేలికగా నడుస్తుంది. బ్రాంచ్ రక్షణలో ఎందరి ఆమోదం కావాలో ఉచితంగానే నిర్ణయించవచ్చు.

ప్రశ్న: ధన్యవాదాలండి. గిట్‌హబ్‌లోని పాత పుల్ రిక్వెస్టుల్లోని (మార్పును మెయిన్‌లో కలపమని పెట్టిన అభ్యర్థనల్లోని) చర్చలు కూడా వస్తాయా?

సమాధానం: మిర్రర్ క్లోన్ (రిపోజిటరీకి పూర్తి నకలు) చేస్తే కమిట్లు, బ్రాంచ్‌లు, ట్యాగ్‌లు వస్తాయే తప్ప వ్యాఖ్యలు రావు, ఎందుకంటే అవి గిట్‌లో (కోడ్ చరిత్రను దాచే చోట) కాక గిట్‌హబ్ డేటాబేస్‌లో ఉంటాయి. గిటీలోని మైగ్రేషన్ సౌకర్యానికి గిట్‌హబ్ టోకెన్ (ప్రవేశానికి ఇచ్చే రహస్య కోడ్) ఇస్తే ఇష్యూలు, పుల్ రిక్వెస్టులు కూడా తెచ్చుకోవచ్చు. సొంత సర్వర్ అన్నాక బ్యాకప్ భారం మీదేనని మాత్రం మరువకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ డాట్ కామ్ డేటాబేస్ పొరపాటున చెరిగిపోయినప్పుడు రిపోజిటరీలు క్షేమంగానే ఉన్నాయి కానీ, దాదాపు ఆరు గంటల మెర్జ్ రిక్వెస్టులు (అక్కడ పుల్ రిక్వెస్టుల పేరు అది), వ్యాఖ్యలు తిరిగి రాలేదు. అందుచేత గిటీ డంప్‌ను (మొత్తం డేటా బ్యాకప్‌ను) రోజూ వేరే యంత్రానికి పంపి, కోడ్ తరలించే ముందే ఒకసారి దాని నుంచి మొత్తం తిరిగి నిలబెట్టి చూసుకోండి.