అమెరికన్ రాక్ బ్యాండ్ స్టీలీ డ్యాన్ ఆల్బమ్‌లలో మీ ఓటు దేనికి?

ప్రశ్న: నా ఓటు ‘ఏజా’ (1977)కే. టైటిల్ పాటలో వేన్ షార్టర్ శాక్సోఫోన్ అందుకోగానే స్టీవ్ గ్యాడ్ డ్రమ్స్ మీద విజృంభిస్తాడు చూడండి, ఎన్నిసార్లు విన్నా ఒళ్ళు గగుర్పొడుస్తుంది. మీరేమంటారు?

జవాబు 1: ‘ఏజా’ మరీ నున్నగా ఉంటుందండీ. నాకు ‘ద రాయల్ స్కామ్’ (1976). అందులో ‘కిడ్ షార్లమేన్’ పాటలో లారీ కార్ల్‌టన్ గిటార్ సోలో ఒక్కటి చాలు.

జవాబు 2: ‘ప్రెట్జెల్ లాజిక్’ (1974)ని మర్చిపోయారే! జాజ్ దిగ్గజం డ్యూక్ ఎల్లింగ్టన్ పాత ట్యూన్ తీసుకుని, ట్రంపెట్ పలకాల్సిన చోట గిటార్ పలికించారు. ఎంత ధైర్యం!

ప్రశ్న అడిగినవారు: అదీ ఇష్టమే. కానీ ‘ఏజా’ది నున్నదనం అన్న మాట మాత్రం ఒప్పుకోనండీ. అందులోని ‘పెగ్’ పాటలో సోలో కోసం గిటారిస్టుల్ని ఒకరి తర్వాత ఒకరిని పిలిచి, చివరికి జే గ్రేడన్ వాయించింది ఉంచారు. ఆ సోలో మళ్ళీ ఒకసారి వినండి, జారుడు స్వరాల్లో ఎంత అల్లరి ఉందో!