పై అంతస్తు, పడమటి గోడ: 3 స్టార్ ఏసీ చాలా, 5 స్టార్ కావాలా?

పటమట రోహిణి:
మాది విజయవాడ పటమటలో మూడో అంతస్తు, పైన శ్లాబే. పడకగది 11 అడుగులకు 12. రాత్రి పదింటికి కూడా పడమటి గోడ మీద చెయ్యి పెడితే ఇప్పుడే తీసిన పెనంలా ఉంటుంది. ఇన్నేళ్లూ కూలర్‌తో నెట్టుకొచ్చాం. మేలో ఆ ఉక్కపోతకి అది దుప్పట్లు తడపడం తప్ప చేసేదేం లేదు. ఈసారి ఏసీ కొనాల్సిందే.

షాపులో 1.5 టన్ను ఇన్వర్టర్లు రెండు చూశాం. 3 స్టార్ 36,500, 5 స్టార్ 44,500. లేబుల్ ఫొటోలు తీసుకున్నా: ఏడాదికి మొదటిది 970 యూనిట్లు, రెండోది 750. "సగం కరెంటు మిగులుతుంది మేడం" అన్నాడు సేల్స్ అబ్బాయి. నాకైతే సగం కనిపించట్లేదు. ఏసీ లేకుండానే వేసవిలో మాకు నెలకి 230 యూనిట్ల దాకా వస్తుంది. ఆ 8 వేలు ఎక్కువ పెట్టొచ్చా?

లెక్కల మాస్టారు, గుంటూరు:
మీ అనుమానం నిజమే, సగం కాదు. లేబుల్ మీది అంకె ఏడాదికి 1,600 గంటలు వాడితే అయ్యే ఖర్చు. తేడా 220 యూనిట్లు, అంటే గంటకి 0.14 యూనిట్ కూడా లేదు. ఇంతకీ మీరు రోజుకి ఎన్ని గంటలు వేస్తారు? అది చెప్పకుండా ఎవరేం చెప్పినా గాల్లో లెక్కే.

పటమట రోహిణి:
రాత్రి పది నుంచి పొద్దున్న ఏడు వరకే మాస్టారూ. నాలుగు నెలలు.

లెక్కల మాస్టారు, గుంటూరు:
అయితే 1,080 గంటలు. మిగిలేది సుమారు 148 యూనిట్లు. మీ 230కి ఏసీ కలిస్తే 400 లోపే ఉంటారు, ఆ టారిఫ్ శ్లాబులో యూనిట్ 8.75 రూపాయలు. ఏడాదికి 1,300 రూపాయలు. 8 వేలు తిరిగి రావడానికి ఆరేళ్లు పైనే. బిల్లులో విడిగా పడే సర్దుబాటు ఛార్జీలు కలిపితే కాస్త ముందే వస్తుందనుకోండి. నేనైతే 3 స్టార్ తీసుకుంటాను.

ఒక మాట. పాత స్టాకు అంటగడతారేమో చూసుకోండి. 2022 జూలైకి ముందు ఐఎస్ఈఈఆర్ (వాడిన కరెంటుకి ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే అంకె) 4.5 ఉంటే స్ప్లిట్ ఏసీకి 5 స్టార్ ఇచ్చేవారు, ఆ తర్వాత 2025 చివరి దాకా 5.0 ఉండాలన్నారు. అప్పటి ఐదు చుక్కలూ తర్వాతి ఐదు చుక్కలూ ఒకటి కావు. లేబుల్ మీద ఆ అంకె, లేబుల్ చెల్లే కాలం రెండూ ఉంటాయి.

ఎల్బీనగర్ టాప్‌ఫ్లోర్:
అక్కా, స్టార్ల సంగతి తర్వాత, శ్లాబు సంగతి చూడు. గది చిన్నదే కదా అని నేను 1 టన్ను కొన్నా. ఏప్రిల్‌లో సాయంత్రం 20 పెట్టినా గది 29 దిగేది కాదు, కంప్రెసర్ ఒక్క క్షణం తగ్గితే ఒట్టు. ఇన్వర్టర్ లాభమంతా గది చల్లబడ్డాక వేగం తగ్గించుకోవడంలోనే. తగ్గే సందే లేకపోతే ఇక మిగిలేదేముంది? తర్వాతి ఏడాది డాబా మీద తెల్ల కూలింగ్ పెయింట్ రెండు పూతలు వేయించా. మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడవొచ్చు ఇప్పుడు. రాత్రి 26 పెట్టి, ఫ్యాన్ రెండులో వేస్తే దుప్పటి కావాల్సి వస్తోంది. నువ్వు 1.5 చూస్తున్నావు, అది మంచిదే.

స్పానర్, రాజమండ్రి:
ఇరవై ఏళ్లుగా ఏసీలు బిగిస్తున్నాను మేడం. 5 స్టార్ కొని 3 స్టార్‌లా వాడుకునేవాళ్లని రోజూ చూస్తాను. బిగించేటప్పుడు పైపులో గాలి వ్యాక్యూమ్ పంపుతో లాగాలి. తొందర పనివాళ్లు కాస్త గ్యాస్ వదిలి "అయిపోయింది" అంటారు. పంపు తెచ్చాకే పెట్టె విప్పనివ్వండి. అవుట్‌డోర్ యూనిట్‌ని ఆ పడమటి గోడకే తగిలించకండి, వీలైతే ఉత్తరం వైపు. దాని ముందు గాలి పోయే దారి ఉండాలి, గ్రిల్లు పెట్టి మూసేస్తే వేడి గాలి మళ్లీ దానికే తగులుతుంది. కాయిల్ రాగిదే తీసుకోండి. ఫిల్టరు పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడిగితే చాలు, దానికి నన్ను పిలవక్కర్లేదు.

పటమట రోహిణి:
మాస్టారూ, ఒకటి చెప్పడం మర్చిపోయాను. మామయ్యగారు ఆయన గది వేడిగా ఉందని మధ్యాహ్నం భోజనం కాగానే ఈ గదిలోకే వస్తారు. సాయంత్రం ఏడింటి దాకా టీవీ, నిద్ర ఇక్కడే. ఏసీ వచ్చాక కదులుతారని నేననుకోను.

లెక్కల మాస్టారు, గుంటూరు:
అమ్మా, ఇది ముందే చెప్పాల్సింది! అప్పుడు రోజుకి 15, 16 గంటలు. నెల బిల్లు 400 దాటుతుంది, పైన యూనిట్ 9.75. ఏడాదికి 2,500 దాకా మిగులుతుంది, మూడేళ్లు కాస్త దాటేసరికి 8 వేలు చేతికొస్తాయి. నా మాట వెనక్కి తీసుకుంటున్నా, 5 స్టార్ తీసుకోండి.

పటమట రోహిణి:
5 స్టార్‌కే అడ్వాన్స్ ఇచ్చాం. డాబా పెయింట్‌కి ఇంటి ఓనరు సగం ఇస్తానన్నారు. రిమోట్ మాత్రం మామయ్యగారు ఇప్పుడే అడిగి పెట్టుకున్నారు, 18కి ఎలా దించాలో కనుక్కుంటున్నారు.