వినినంతనె వేగపడకా, వేగిరపడకా?

అరసున్న:
మెయిల్స్‌కి జవాబు రాసే పద్ధతి గురించి కొత్తవాళ్ళకి పనికొచ్చేలా ఒక పేజీ రాస్తున్నాను. మొదట్లో సుమతి శతకంలోని "వినదగు నెవ్వరు చెప్పిన" పద్యం పెడదామనుకున్నా. "వినినంతనె వేగిరపడక వివరింపదగున్" అని నోట్లో ఆడుతోంది గానీ నడక ఎక్కడో తన్నుతోంది. ఏది సరైన పాఠం?

నలగణం:
వేగపడకే. గణాలుగా విడదీస్తే వినినం, తనెవే, గపడక. మూడో గణం నలం, అంటే నాలుగు లఘువులు; కందంలో ఆ చోట నలమో జగణమో ఉండాలి. వేగిరపడక అంటే "గిరపడ" దాకా బాగానే ఉంటుంది. మిగిలిన "క" వెళ్ళి "వివరింప" నెత్తిన కూర్చుని యతిని, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన పొత్తుని, చెడగొడుతుంది. పనిలో పనిగా, "వినినంతనే" అని దీర్ఘం తీయకండి. చాలామంది అలాగే టైపు చేస్తున్నారు.

బడిపలక:
"విన్నంతనె" అని కూడా విన్నానండీ.

నలగణం:
వినే ఉంటారు. మిగతా మూడు పాదాల్లో రెండో అక్షరం ఒంటి నకారంగా ఉండగా ఇక్కడ జంట నకారమా? ప్రాస ఏమైపోవాలి?

తాత్పర్యరావు:
గణాలు సరే, అసలు పేచీ "వివరింప"లో ఉంది. ఇవాళ వివరించడమంటే ఎదుటివాడికి విడమర్చి చెప్పడం. ఇక్కడ ఆ అర్థం కుదరదు. వి+వృ అంటే మూత తీయడం. విన్న మాటను విప్పి చూడమంటున్నాడు కవి. కింది పాదంలో "కల్ల నిజము దెలిసిన" అన్నాడు కదా. అరసున్న గారూ, మీ పేజీలో "తొందరపడకుండా వివరంగా జవాబివ్వాలి" అని అర్థం రాశారంటే పద్యం తిరగబడినట్టే.

అరసున్న:
అచ్చం అదే రాసి ఉంచాను!

గంటంపోటు:
నేను ఒప్పుకోను. విప్పి చూడటం, విప్పి చెప్పడం రెండూ ఒకే మాటలో ఇమిడినప్పుడు ఒకదాన్ని ఎందుకు గెంటేయాలి? జవాబు రాసేవాడు చేసేవి ఆ రెండు పనులే కదా. అయినా ఈ పద్యానికి జరిగిన అసలు అన్యాయం వేరే ఉంది. "వినదగు నెవ్వరు చెప్పిన" దగ్గర కత్తిరించి, ఎవరేం చెప్పినా వినమన్నాడని సామెతలా వాడేస్తున్నారు. షరతంతా రెండో పాదంలో ఉంది. మెయిల్లో ఎదుటివారి మాట తిరిగి చూపించేటప్పుడు జరిగేదీ ఇదే. "అయితే" ముందున్న సగం ఉంచి, తర్వాతి సగం కోసేసి, దానిమీద నాలుగు పేరాలు దంచుతారు. అనవసరమైంది కోయాల్సిందే. కోశాక మిగిలింది చూసి, రాసినాయన "ఇది నేను అన్నదే" అనాలి.

బడిపలక:
ఇంతకీ జవాబు పైన రాయాలా, ఉటంకించిన మాట కిందా?

గంటంపోటు:
మన కావ్యాలు ఎప్పుడో తేల్చాయి. ఒక పాత్ర మాట ముగిశాక వచనం ఎలా అందుకుంటుంది? "అనిన విని... యిట్లనియె". ముందు వాళ్ళ మాట, తర్వాత వినడం, ఆ కింద జవాబు. పైగా వెనకటి పది పద్యాలూ మళ్ళీ ఎత్తి రాయరు, "అనిన"తో సరిపెడతారు. తెలుగులో "అని" వచ్చేదే చెప్పిన మాట తర్వాత. జవాబు పైన పెట్టి, కింద పాత మెయిళ్ళన్నీ తోకలా వేలాడదీయడం మన వాక్యానికే పడదు.

నలగణం:
ముచ్చటైన సిద్ధాంతమే. మరి సంస్కృతంలో "సంజయ ఉవాచ" ముందే వస్తుందే? వాళ్ళు పైన రాసుకోవచ్చన్నమాట! ఇంకోటి, కావ్యం చదివేవాడికి వెనక పద్యం కళ్ళెదుటే ఉంటుంది. మెయిల్ వారం తర్వాత తెరిచేవాడికి వట్టి "అనిన" ఏం చాలుతుంది? 1995లో వచ్చిన ఇంటర్నెట్ మర్యాదల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1855 నడిమార్గం చెప్పింది: పైన సారాంశమైనా రాయండి, లేదా సందర్భం తెలిసేటంత పాత పాఠమైనా ఉంచండి అని. కోపంతో రాసింది పంపే ముందు ఒక రాత్రి ఆగమని కూడా అందులో ఉంది.

తాత్పర్యరావు:
అదీ "వేగపడక" అంటే! సంజయుడి పేరు రానే వచ్చింది కాబట్టి ఉద్యోగపర్వం గుర్తు చేసుకోండి. పాండవుల దగ్గర్నుంచి రాత్రివేళ తిరిగొచ్చి, వాళ్ళ మాటలు రేపు సభలో చెబుతానని వెళ్ళిపోతాడు. ఆ రాత్రి ధృతరాష్ట్రుడికి నిద్ర పట్టక విదురుణ్ణి పిలిపించుకుంటాడు. ఒక్క జవాబు ఆలస్యమైనందుకు మనకు విదురనీతి దక్కింది.

గంటంపోటు:
మరీ నోరు మూసుకునేం వెళ్ళలేదండీ, రాజును నాలుగు దులిపే వెళ్ళాడు. కోపపు మెయిల్ రాత్రే పంపి, అసలు సమాచారం పొద్దుటికి అట్టేపెట్టిన ఘనుడు. అయినా మర్నాడు నిండు సభలో ఎవరి మాట వాళ్ళ పేరనే, పరుషమైన చోటు కూడా మెత్తబరచకుండా అప్పజెప్పాడు చూశారా, ఉటంకింపు అంటే అది. పైగా తిక్కన చేతిలో పడ్డాక చెప్పేదేముంది! దూత నోట వింటున్నా అర్జునుడు అర్జునుడిలాగే వినిపిస్తాడు.

బడిపలక:
తిక్కన గురించి మొదలుపెడితే ఇక తెల్లారినట్టే.

అరసున్న:
అందరికీ దండాలు. వేగపడక అని దిద్దాను. జవాబు కిందే రాయమని పెట్టాను. "వివరింప"కి ఏ అర్థం వేయమంటారో ఒక్క మాటలో చెబితే పేజీ పంపేస్తాను.

తాత్పర్యరావు:
విప్పి చూడటం.

గంటంపోటు:
రెండూ వేయండి.

నలగణం:
అదలా ఉంచండి, చివరి పాదం "మనుజుడె పో నీతిపరుడు మహిలో"లో "మహిలో" సంగతి ఎవరూ ఎత్తలేదేం? "మనుజుడె"కి యతి కోసం తెచ్చిన మాట తప్ప దానికక్కడ పనేముంది?

తాత్పర్యరావు:
పనిలేదా! "పో" పక్కన పెట్టి చదివి చూడండి ఒకసారి.