రాధామనోహరం తీగ రెండేళ్లయినా పూయట్లేదు, ఏం చేయాలి?

కూకట్‌పల్లి_బాల్కనీ
నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలో కొన్నప్పుడు జానెడు మొక్క. ఇప్పుడు మూడో అంతస్తు గ్రిల్ అంతా అల్లుకుని పైకి కూడా పాకింది. ఆకులు నిగనిగలాడుతున్నాయి, పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. నెలనెలా వర్మీకంపోస్ట్ వేస్తున్నాను, మధ్యలో వేరుశెనగ చెక్క నానబెట్టిన నీళ్లు పోస్తున్నాను. మా అత్తయ్య 'గొడ్డుపోయిన తీగ, పీకేయ్' అంటున్నారు.

తార్నాక_పెరడు
పీకకండమ్మా, ముందు పెట్టడం తగ్గించండి. నత్రజని ఎక్కువైతే ఆకులే వస్తాయి. మా గేటు మీది తీగకు ఎరువు వేసి ఎన్నేళ్లయిందో గుర్తులేదు. వేసవిలో నీళ్లు పోస్తాం, అంతే. ఏప్రిల్ నుంచి వానాకాలం దాకా గుత్తులే గుత్తులు.

సాయంత్రం విచ్చుకునేటప్పుడు తెలుపు, మర్నాటికి గులాబీ, మూడో రోజుకు ఎరుపు. పాత లాటిన్ పేరు క్విస్‌క్వాలిస్. 'ఎవరు, ఎలాంటిది' అని అర్థమట, సరిగ్గానే పెట్టారు. చీకటి పడ్డాక ఒకసారి తీగ దగ్గర నిలబడండి. సీతాకోకచిలుకల్లాంటి లావుపాటి రాత్రి పురుగులు గాలిలో ఆగి తేనె తాగుతుంటాయి. పువ్వు గొట్టం రెండంగుళాల పైనే ఉంటుంది, అంత పొడుగు నాలుక ఉన్నవాటికే తేనె అందుతుంది.

మియాపూర్_మట్టి
ఎప్పుడు కత్తిరిస్తున్నారు? మేం ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు తీగకూ బోడిగుండు కొట్టించేవాళ్లం. ఆ ఏడు పువ్వు జూలై దాకా లేదు. పూసేది కొత్త చిగురు మీదే, అది ఎదగడానికి టైమ్ కావాలి కదా. ఇప్పుడు సంక్రాంతి వెళ్లగానే కోస్తున్నాం. చేతులు జాగ్రత్త, పాత కాడల మీద ఆకు రాలినచోట తొడిమ గట్టిపడి ముల్లులా మిగులుతుంది. నాకు గుచ్చుకుంది.

అల్వాల్_నాన్న
అందరూ తిట్టినా సరే, అపార్ట్‌మెంట్‌కి ఇది పనికిరాదంటాను. మా ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌లోకి దూరింది. మెకానిక్‌కి గ్యాస్ నింపడం కంటే తీగ తప్పించడానికే ఎక్కువసేపు పట్టింది. కాగితం పూలయితే కుండీలో అణిగిమణిగి ఉంటాయి. వాసన లేదు, అదొక్కటే లోటు.

తార్నాక_పెరడు
వాసన లేకపోతే ఇంకెందుకండీ! అయినా అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. బాల్కనీ ఏ దిక్కు?

కూకట్‌పల్లి_బాల్కనీ
ఉత్తరం. ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్. పొద్దున ఒక గంట ఎండ వస్తే గొప్ప.

మియాపూర్_మట్టి
అదీ సంగతి. ఐదారు గంటల ఎండ తగలందే ఇది మొగ్గ వేయదు. తీగ కొసలు ఎక్కడిదాకా వెళ్లాయో చూశారా?

కూకట్‌పల్లి_బాల్కనీ
ఇప్పుడే పైకి వెళ్లొచ్చాను. నవ్వకండి. పైన పెంట్‌హౌస్ వాళ్ల పిట్టగోడ నిండా పువ్వులే! ఆంటీ రోజూ కోసి దేవుడికి పెడుతున్నారట. 'పక్క బ్లాక్ వాళ్ల తీగేమో అనుకున్నామమ్మా' అన్నారు. ఒక గుత్తి తుంచి చేతిలో పెట్టారు. నాలుగు ఎర్రవి, రెండు గులాబీవి, ఇంకా విచ్చుకోని తెల్ల మొగ్గ ఒకటి. తెచ్చి అత్తయ్యకు చూపించాను. పీకేయమనడం మానేశారు. 'పువ్వులు వాళ్లకి, నీళ్లు మనమా?' అని మొదలుపెట్టారు.

అల్వాల్_నాన్న
వాళ్ల ఏసీ ఎక్కడుందో చూశారా?