గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్: అమ్మానాన్నలను ఏ వ్యూ పాయింట్లకు తీస్కపోవాలె?

హన్మకొండ_పోరడు:
అమ్మ, బాపు డిసెంబర్‌ల ఫీనిక్స్ వస్తున్నరు, గ్రాండ్ క్యాన్యన్ చూపియ్యాలె. సౌత్ రిమ్ (లోయ దక్షిణం దిక్కు అంచు) మీద ఒక్కటే రోజు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, కారు దిగంగనే లోయ కనవడాలె. హెర్మిట్ రోడ్డా, డెజర్ట్ వ్యూ రోడ్డా? బాపు ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ముట్టడు, తిండి సంగతి గూడ చెప్పున్రి.

కాజీపేట_స్టీరింగ్:
తమ్మీ కండ్లు మూసుకొని డెజర్ట్ వ్యూ రోడ్డు పట్టు. గ్రాండ్ క్యాన్యన్ విలేజ్ నుంచి ఆ రోడ్డు చివర వాచ్‌టవర్ దాక 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు, నడుమ గ్రాండ్‌వ్యూ, మోరన్, లిపన్, నవాజో పాయింట్లన్నిటికి సొంత కారే పోతది, పార్కింగ్ పక్కకే అంచు. జనమంత మాథర్ పాయింట్ కాడ ఫొటో దిగి ఎల్లిపోతరు గాని అక్కడ్నుంచి నది సరిగ కనవడదు. లిపన్ కాడ నిలవడితే కొలరాడో నది వంపు తిరుక్కుంట వచ్చుడు కనిపిస్తది, ఆ వంపు కాడ చదునుగ ఒక జాగ ఉంటది, ఉంకర్ డెల్టా అంటరు, వందల ఏండ్ల కింద ప్యూబ్లో అనే అక్కడి ఆదివాసి జాతోళ్ల పూర్వీకులు ఆ లోయ అడుగున మక్కలు పండిచ్చుకొని బతికిన్రు. ఎవుసం తెలిసినోళ్లయితే అక్కడ్నుంచి కదలరు.

కరీంనగర్_అక్క:
లిపన్ బాగుండదంటలేను, కాని పొద్దు గూకేటప్పుడు హెర్మిట్ రోడ్డు మీది హోపి పాయింట్‌ను మించింది లేదు. ముందుకు పొడుచుకొచ్చిన అంచు అది, తూర్పు పడమర రెండు దిక్కులు కనిపిస్తయి. ఎదురుంగ కొండలు ముందు పసుపు, ఎనక ఎరుపు, ఆఖరికి ఊదా రంగుకు తిరుగుతయి, అప్పటికే అడుగున చీకటి. మా అత్తమ్మ చలికి వణుక్కుంట గూడ కారెక్కనంటే ఎక్కనన్నది.

మంచిర్యాల_బాబాయ్:
మేం వేగాస్ నుంచి బస్సుల పోయినం. ట్రావెల్స్‌వాడు గ్రాండ్ క్యాన్యన్ అని పైసలు తీస్కొని గాజు బ్రిడ్జి కాడ దించిండు. మీరు చెప్పే పాయింట్లల్ల ఒక్కటి గూడ చూపియ్యలే, అడిగితే ఇదే క్యాన్యన్ అని దబాయించిండు. బుక్ చేసేముందు సౌత్ రిమ్ అని రాపిచ్చుకోన్రి.

నిజామాబాద్_ఎన్నారై:
గాజు బ్రిడ్జికి ఏం తక్కువైంది బాబాయ్? అంచు దాటి 70 అడుగులు లోయ మీదికి పోతది, కాళ్ల కింద అంత ఖాళీ. మా పిల్లలు ఇప్పటికీ దాని ముచ్చటే చెప్తరు. సౌత్ రిమ్‌ల ఏ పాయింట్ చూసినా ఒక్క తీర్గనే ఉంటది.

కాజీపేట_స్టీరింగ్:
ఒక్క తీర్గనా?? ఆ గాజు బ్రిడ్జి, స్కైవాక్ అంటరు దాన్ని, అసలు నేషనల్ పార్క్‌లనే లేదు, హువాలపాయ్ అనే అక్కడి ఆదివాసి జాతోళ్ల భూమి, 2007ల తెరిచిన్రు, పార్క్ పాస్ గూడ చెల్లది. సౌత్ రిమ్ నుంచి నాలుగు గంటల డ్రైవింగ్. తమ్ముడు అడిగిందేంది, నువ్వు చెప్పేదేంది?

నిజామాబాద్_ఎన్నారై:
నాకు నచ్చింది చెప్పిన, నీ పర్మిషన్ గావాల్నా? రెండు చూసినోన్నే మాట్లాడుతున్న.

మంచిర్యాల_బాబాయ్:
కొట్లాడకున్రి. నాకు గాజు మీద కోపం లేదు, చెప్పిందొకటి చూపిచ్చిందొకటి, అదీ బాధ.

జియాలజీ_సార్:
ఒక్క తీర్గ ఉంటదన్న మాట ఒప్పుకోను. కాలేజీల ఏండ్లకేండ్లు ఇదే పాఠం చెప్పిన. లిపన్ కాడ కిందికి చూడు, పైన పొరలన్నీ చదునుగ ఉంటయి, వాటి కింద ఎర్ర పొరలు ఒక దిక్కుకు ఒరిగి ఉంటయి, హెర్మిట్ రోడ్డు దిక్కు అంత బాగ కనవడదు. అంచు మీది కైబాబ్ సున్నపురాయి సుమారు 27 కోట్ల ఏండ్లది, అడుగున విష్ణు షిస్ట్ అనే రాయి 170 కోట్ల ఏండ్లకు పైమాటే. నది ఈ లోయను కోసింది మాత్రం 50, 60 లక్షల ఏండ్ల సందే అంటరు. ఇంకోటి, మన హన్మకొండ గుట్టల గ్రానైట్ దగ్గర దగ్గర 250 కోట్ల ఏండ్లది, వాళ్ల అడుగు రాయి గూడ మన రాయి ముందు వయసుల చిన్నదే.

పరకాల_చెల్లె:
సార్ మంచిగ చెప్పిన్రు. అక్కడ విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్ అని కొండలున్నయి, గుళ్లు కావు, డటన్ అనే జియాలజిస్ట్ 1880ల్ల అసొంటి పేర్లు పెట్టుడు మొదలువెట్టిండు. మా అమ్మకు చూపిస్తే చెప్పులిడిచి దండం పెట్టింది.

జగిత్యాల_రాజు:
కరీంనగర్ అక్కా, హోపికి సొంత కార్లు పోనియ్యరు, షటిల్ బస్సే. మోకాళ్ల నొప్పులున్నామెను బస్సులెక్కిచ్చి దించుతరా?

కరీంనగర్_అక్క:
మార్చి నుంచి నవంబర్ దాక బంద్. డిసెంబర్, జనవరి, ఫిబ్రవరిల హెర్మిట్ రోడ్డు మీద సొంత కార్లు పోతయి. తమ్ముడు డిసెంబర్ అని మొదటి లైన్లనే రాసిండు, సదివి మాట్లాడున్రి.

భూపాలపల్లి_ఫొటోలు:
అన్ని పాయింట్లకు నిండ రెయిలింగ్ ఉండది, ఎరికేనా? ఒక మూలకు ఉంటది, పక్కకు వట్టి బండ. ఆ బండ మీద పసిపిల్లను నిలవెట్టి ఫొటో తీస్తున్న తండ్రిని చూసిన, నాకు కాళ్లాడలే, గట్టిగ ఒర్లిన. దయచేసి అట్ల చెయ్యకున్రి.

ఆసిఫాబాద్_వాసి:
మన కెరమెరి ఘాట్‌ల గూడ మలుపు మలుపుకు బండి ఆపుకునే జాగ, మంచి గోడ కట్టిస్తే ఎంత బాగుంటది. వానకాలంల ఆ పచ్చదనం అరిజోనాల ఏడ దొరుకుతది?

నిజామాబాద్_ఎన్నారై:
కెరమెరి కోసం వేరే థ్రెడ్ పెట్టు అన్నా, నేనొస్త.

హన్మకొండ_పోరడు:
పొద్దున లిపన్, మాపటికి హోపి అనుకుంటున్న. తిండి సంగతి ఎవ్వరు చెప్పలేదు గదా.

కరీంనగర్_అక్క:
పులిహోర, దద్దోజనం కట్టుకపో, అక్కడి మీద ఆశ పెట్టుకోకు. 7000 అడుగుల ఎత్తు, బాపును మెల్లగ నడువుమను. మంచు పడ్డదంటే రోడ్డు, పార్కింగ్ అంత జారుతది, అమ్మకు గ్రిప్ ఉన్న బూట్లు కొను, శాండిల్స్ మీద దింపకు. ఐదుంబావుకే పొద్దు గూకుతది, నాలుగున్నరకల్ల హోపిల ఉండాలె, లేకపోతే పార్కింగ్ దొరకది.