ఇంట్లో జపమాలకి కూడా పర్మిషన్ కావాలా? (గజపతి జిల్లా, ఒడిశా)

పర్లాకిమిడి దగ్గర పల్లె మాది. తాతల నాటి నుంచి కతోలికులం. అక్టోబర్ మాకు జపమాల (మరియమాత ప్రార్థన) నెల కదా, 1వ తేదీ నుంచి రాత్రి 7కి ఇంట్లోనే చెప్పుకుంటున్నాం. ఎనిమిది మందిమి, మైకు కూడా లేదు. ఆరో రోజు కొందరు గుమ్మంలోకొచ్చి వీడియో తీసి, మతం మారుస్తున్నారన్నారు. స్టేషన్‌లో అడిగితే 1967 ఒడిశా మత స్వేచ్ఛ చట్టం ప్రకారం కలెక్టర్ పర్మిషన్ తెమ్మన్నారు. ఆ చట్టం కింద వచ్చిన 1989 రూల్స్ చదివించాను. 15 రోజుల ముందు చెప్పాల్సింది మతమార్పిడి కార్యక్రమానికే. మేమంతా పసితనంలోనే జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందినవాళ్లం! విచారణ గురువుల (మా చర్చి ఫాదర్) ఉత్తరం, జ్ఞానస్నానం సర్టిఫికెట్లు చూపించాం. తెలుగు అర్జీ తిప్పి పంపారు. ఒడియాలో రాయించి ఇస్తే తీసుకున్నారు గానీ రసీదు ఇవ్వలేదు. 2008లో కంధమాల్‌లో క్రైస్తవులపై జరిగిన దాడులు గుర్తొచ్చి అమ్మ తలుపులేసుకుని గొణుగుతున్నట్టు జపిస్తోంది.

రసీదు చేతికి రావాలంటే ఈ అర్జీ స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపాలా, కలెక్టర్‌కా?